వేగంగా ఎదిగే కంపెనీలు – జాబితాల లెక్క

“అత్యంత వేగంగా ఎదుగుతున్న సంస్థ” అన్న బిరుదును ప్రైవేటు కంపెనీలు తమ ప్రకటనలలో ఘనంగా చాటుకొంటున్నవి. బోగీల శుభ్రత, భోజన సరఫరా వంటి పనులు కాంట్రాక్టు కంపెనీలకు పోతున్న రైల్వేలలోను, కొరియర్ సంస్థల పోటీని ఎదుర్కొంటున్న తపాలా శాఖలోను పనిచేస్తున్న మనము ఈ బిరుదు పుట్టుక తెలుసుకొనుట అవసరము.

అమెరికాలోని ‘ఇంక్’ పత్రిక 1982లో 500 కంపెనీలతో ఇట్టి జాబితాను ప్రారంభించి, 2007లో 5000కు విస్తరింపజేసినది. షేర్ మార్కెట్టుకు ఎక్కని స్వతంత్ర కంపెనీలకే అందులో చోటు. మూడేళ్లలో రాబడి ఎంత శాతం పెరిగినదన్నదే కొలబద్ద. కంపెనీ తానే దరఖాస్తు పెట్టి రుసుము చెల్లించవలెను. దరఖాస్తు పెట్టనిది ఎంత ఎదిగినా అందులో కనిపించదు. రాబడి లక్ష నుండి ఇరవై లక్షల డాలర్లకు చేరిన కంపెనీ పెరుగుదల 1900 శాతం. పది కోట్ల నుండి పదిహేను కోట్లకు చేరినదానిది 50 శాతం మాత్రమే. మొదటిది అదనంగా ఆర్జించినది 19 లక్షలు, రెండవది 5 కోట్లు! లాభమా నష్టమా, జీతాలు సక్రమంగా అందుచున్నవా అన్న ప్రశ్నలకు ఆ శాతంలో జవాబు లేదు.

అయినను ఈ జాబితాలు పనికిరానివని త్రోసిపుచ్చరాదు. అమెరికాలో ప్రైవేటు కంపెనీలు సాధారణంగా తమ లెక్కలను బహిరంగపరచనక్కరలేదు గనుక, కొన్నింటి విషయంలో బయటివారికి దొరికే ఆధారమే ఇది. మన దేశంలో పరిస్థితి మెరుగు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీలు సైతం వార్షిక లెక్కలను రిజిస్ట్రారుకు సమర్పించవలెను. స్వల్ప రుసుముతో ఎవరైనను వాటిని చూడవచ్చును. కనుక జాబితాలో పేరు పట్టుకొని, రిజిస్ట్రారు వద్ద నిజము వెదకవలెను.

రాబడిని గాక విలువను కొలిచే జాబితాలకును ఇదే వర్తించును. 2022లో బైజూస్ కంపెనీకి 2200 కోట్ల డాలర్ల విలువ కట్టి, దేశంలోని అంకుర సంస్థలలో అగ్రస్థానం కట్టబెట్టిరి. 2021 మార్చితో ముగిసిన సంవత్సరపు లెక్కలు మాత్రం 2022 సెప్టెంబరు వరకు వెలువడలేదు. వెలువడినప్పుడు తేలిన నష్టము 4,588 కోట్ల రూపాయలు. 2023 జూన్‌లో ఆడిటరు తప్పుకొనెను. 2024 జూలైలో దివాలా ప్రక్రియ మొదలైనది. లెక్కల ఆలస్యమే తొలి హెచ్చరిక. అది ఏ జాబితాలోను అచ్చు కాలేదు.

మన శాఖా కార్యదర్శులు కొత్త కాంట్రాక్టరు పేరు వినగానే మూడేళ్ల లెక్కలు తెప్పించి, అవి గడువులో దాఖలైనవా, ఆడిటరు మధ్యలో మారెనా అని చూడవలెను. ప్రావిడెంట్ ఫండ్ సంస్థ వెబ్‌సైటులో ఏ కంపెనీ ఏ నెలలో ఎందరి పేర చందా కట్టినదీ కనిపించును. మన ఒక్క స్టేషనులోనే పనిచేయువారి సంఖ్య ఆ కంపెనీ మొత్తం చందాదారులకన్న ఎక్కువగా ఉన్నచో, ఆ కాగితాన్ని అధికారుల బల్లపై పెట్టి వివరణ కోరవలెను.