హామీదారు కొబ్బరితోటకు బ్యాంకు నోటీసు.. కోర్టులో నిలిచే వాదన ఏది?

బావమరిది వ్యాపారానికి హామీ సంతకం పెట్టి, తన ఆస్తిని తనఖా ఉంచడం కోనసీమలో మామూలే. బాకీ మొండిదైతే నోటీసు హామీదారుకూ వస్తుంది. "ముందు అప్పు తీసుకున్నోడిని పట్టుకోండి" అన్నదే అందరి మొదటి వాదన. అది నిలవదు. ఇదే కారణంతో అలహాబాద్ హైకోర్టు ఓ హామీదారుకు ఇచ్చిన ఊరటను 2010 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ కింద ఇద్దరి బాధ్యతా ఒకటే. నేరుగా హైకోర్టుకు కాదు, డీఆర్‌టీకి వెళ్లమంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట వాళ్లకు అది విశాఖలో ఉంది.

సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల గడువుతో నోటీసివ్వాలి. అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో జవాబు చెప్పాలి. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లో డీఆర్‌టీకి వెళ్లాలి. చాలామంది వేలం ప్రకటన దాకా కదలరు. 2016 సవరణ తర్వాత, బాకీ మొత్తం కట్టి ఆస్తి విడిపించుకునే హక్కు ఆ ప్రకటనతోనే పోతుంది.

కోనసీమ రైతుకు అసలు బలం 31(ఐ) సెక్షన్. వ్యవసాయ భూమికి సర్ఫేసీ వర్తించదు. అయితే పాస్‌బుక్ ఒక్కటీ చాలదు. తెలంగాణ నుంచి వెళ్లిన రాస్ కన్‌స్ట్రక్షన్స్ కేసులో, సాగు నిజంగా జరుగుతోందని నిరూపించాల్సింది అప్పుదారేనని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. కొబ్బరి దింపు లెక్కలు, ధాన్యం అమ్మిన రసీదులు అక్కడ పనికొస్తాయి. తోట కొట్టేసి లేఅవుట్ వేసినవాళ్లకు కష్టమే. ఈ వాదన గెలిచినా బాకీ మాఫీ కాదు, బ్యాంకు వేరే దావా వేసుకోవచ్చు.