అరిసెలు ముందే ఎలా తయారయ్యాయి?

మా చిన్నోడి మొదటి అడుగు గురించి నేను పది నెలలపాటు ఒక అబద్ధం నమ్మాను. ఆ అబద్ధం చెప్పింది మా అమ్మ. దాన్ని బయటపెట్టింది అరిసెలు. ఇదేం గోల అనుకుంటున్నారా? చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి.

ముందు కొంచెం ఉపోద్ఘాతం. మాది తెనాలి. 2018లో ఇంజనీరింగ్ అవగానే హైదరాబాదులో ఉద్యోగంలో చేరాను. 2020లో లాక్‌డౌన్‌కి సరిగ్గా నెల ముందు పెళ్ళయింది. ఇప్పుడు నాకు ఇరవై తొమ్మిది, పెద్దదానికి ఐదు, చిన్నోడికి రెండు దాటాయి. మా ఆయనదీ ఇదే ఫీల్డు. అందుకని మా ఇంట్లో మనుషుల కంటే లాప్‌టాప్ చార్జర్లు ఎక్కువ.

మా వైపు పిల్లల ఎదుగుదలకి పిండివంటల లెక్క ఒకటుంది. మీకూ తెలిసే ఉంటుంది. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. చేసి చుట్టుపక్కల పంచుతారు. మనం ఆఫీసులో మైల్‌స్టోన్, డెమో అంటూ చేసే హడావుడి మన అమ్మమ్మలు ఎప్పుడో చేశారు, కాకపోతే వాళ్ళ డెమోలో నెయ్యి కూడా ఉండేది.

సరే, అసలు విషయానికొస్తాను. చిన్నోడికి పదమూడో నెల. మార్చి నెల, మా ప్రాజెక్టులో రిలీజ్ వారం. ఆ శుక్రవారం ఇంటికొచ్చేసరికి రాత్రి పదకొండున్నర. శనివారం సాయంత్రం అమ్మ నన్ను పిలిచి, "ఆ ఫోన్ అవతల పడేసి ఇక్కడ కూర్చో" అంది. వాణ్ణి తీసుకెళ్ళి సోఫా పట్టుకునేలా నిలబెట్టింది. "అమ్మ దగ్గరికి వెళ్ళు నాన్నా" అంది. వాడు ఒకసారి నా వైపు చూశాడు, సోఫా వదిలేశాడు, నాలుగడుగులేసి నా ఒళ్ళో పడ్డాడు. నేను ఏడ్చేశాను. మా ఆయన వీడియో తీశాడు. పావుగంటలో అది మా చుట్టాలందరి ఫోన్లకీ వెళ్ళిపోయింది. ఇంకో పావుగంటలో అమ్మ వంటింట్లోంచి స్టీలు డబ్బా తెచ్చి మూత తీసింది. నిండా అరిసెలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది. నేను ఆలోచించలేదు. ఏడుస్తూనే రెండు తిన్నాను.

మొన్న సంక్రాంతికి అమ్మ మోకాళ్ళ నొప్పులతో తెనాలిలోనే ఉండిపోయింది. పిల్లల దగ్గర మా అత్తయ్యగారున్నారు. (మా ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మలకి షిఫ్టులు. నైట్ షిఫ్ట్ అలవెన్స్ మాత్రం లేదు.) ఈసారి నేనే అరిసెలు చేద్దామని సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, "ఇప్పుడు మొదలెడితే పడుకునేలోపు అయిపోతాయా?" అని అడిగాను. అమ్మ పడీపడీ నవ్వింది. "ముందు బియ్యం రాత్రంతా నానాలే తల్లీ. రేపు వడేసి, తడిపిండి కొట్టి, పాకం పట్టి, వేయించి, చెక్కలతో నూనె వత్తి... ఎంత తొందరపడ్డా రేపు సాయంత్రానికి మాట" అంది.

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ప్రొడక్షన్‌లో ఏదైనా తేడా వస్తే ముందు టైమ్‌లు చూస్తాం కదా. శనివారం సాయంత్రం ఆరింటికి మొదటి అడుగు. ఆరున్నరకి డబ్బా నిండా అరిసెలు. అంటే బియ్యం ఎప్పుడు నానపోసినట్టు?

"అమ్మా, నిజం చెప్పు. వాడు ఎప్పుడు నడిచాడు?"

కాసేపు అటునుంచి ఏమీ వినపళ్ళేదు. తర్వాత, "గురువారం పదకొండింటికి. టీవీ స్టాండు దగ్గర్నుంచి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. నువ్వేదో రిలీజ్ అన్నావుగా. ఎందుకులే అని..." అంది.

నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిపి ఇంకేదో వచ్చింది. అప్పుడు అమ్మ ఇంకో మాట చెప్పింది. "నువ్వు మొదటిసారి నడిచింది కూడా నేను చూళ్ళేదే. బళ్ళో ఉన్నాను. సాయంత్రం గుమ్మంలోనే మీ నాయనమ్మ ఎదురొచ్చి సంబరంగా చెప్పింది. పాపం ఆవిడ మంచికే చెప్పింది. కానీ చెప్పకపోతే బాగుండేదని ఎన్నేళ్ళో అనుకున్నా. అందుకే నీకు చెప్పలేదు."

మా అమ్మ ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. టీచరుగా *ఉండేది* అనాలి. మా పెద్దది పుట్టాక మానేసింది. ఇది నేను చాలారోజులు పైకి అనని వాక్యం: నా ఉద్యోగం నిలబడ్డానికి మా అమ్మ తన ఉద్యోగం వదిలేసింది. ఆవిడ ఇక్కడుంటే నాన్న తెనాలిలో కర్రీ పాయింట్ కూరలతో గడుపుతారు. "ఆడవాళ్ళు బయటికొచ్చి ఎంత సాధిస్తున్నారో" అని మార్చి 8న మాకు ఆఫీసులో గులాబీ పువ్విస్తారు చూడండీ, ఆ పువ్వులో సగం తుంచి తెనాలికి పంపాలి.

ఆ ఫోన్ తర్వాత చాలారోజులు ఆలోచించాను. "ఉద్యోగం మానేయాలా వద్దా" అన్న పాత చర్చ గురించి కాదు. అది మనం కాలేజీ గ్రూప్ డిస్కషన్ల దగ్గర్నుంచీ చేస్తున్నాం, తేలదు. నేను ఆలోచించింది వేరే: అసలు నేను పోగొట్టుకున్నదేంటి?

మొదటి అడుగా? పెద్దదాని మొదటి అడుగు నా కళ్ళముందే పడింది. 2022 మొదట్లో, అందరం ఇళ్ళ నుంచి పని చేస్తున్న రోజులవి. అది మంచం పట్టుకుని నిలబడి, వదిలేసి, నా కుర్చీ దాకా వచ్చింది. అప్పుడు నేను కాల్‌లో ఉన్నాను. సరిగ్గా అప్పుడే ఎవరో నా పేరు పిలిచి స్టేటస్ అడిగారు. అన్‌మ్యూట్ చేసి చెప్పాను. ఈరోజు గుర్తు చేసుకుంటే ఆ స్టేటస్ ఏంటో గుర్తుంది గానీ పాప వేసుకున్న గౌను రంగు గుర్తు లేదు. ఇంట్లో ఉండీ చూడనిదాన్ని, ఆఫీసుకెళ్ళి చూళ్ళేదని ఏడవడం ఏంటి?

ఇంకోటి. మనవాళ్ళకి మైల్‌స్టోన్ల పిచ్చి ఎక్కువ. మా అపార్ట్‌మెంట్ అమ్మల వాట్సాప్ గ్రూపులో "మావాడు పదో నెలకే నడిచాడు" అని ఒకరు పెడితే, మిగతావాళ్ళకి ఆ రాత్రి నిద్రపట్టదు. చిన్నోడు అసలు పాకనే లేదు, పిర్రల మీద దేకుతూ ఇల్లంతా తిరిగేవాడు. నేను కంగారుపడి వెతికితే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కలు దొరికాయి. మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లల్ని చూసి చేసినవి. ఊతం లేకుండా నడక ఎనిమిది నెలలు దాటిన దగ్గర్నుంచి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా రావొచ్చట. నూటికి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడకలోకి వెళ్ళిపోయారట. (పాకుండల ఖర్చు మిగిలిందని అమ్మ జోకు.) తొమ్మిది నెలల తేడా మామూలే అయినచోట, గురువారమా శనివారమా అని నేను కొట్టుకోవడం నాకే నవ్వొచ్చింది.

మొదటిసారి జరిగేవాటికి అరిసెలుంటాయి, వీడియోలుంటాయి. చివరిసారి జరిగేవాటికి ఏమీ ఉండవు. పెద్దది లిఫ్ట్‌ని "ఫిల్ట్" అనేది. రోజూ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ "ఫిల్ట్ వచ్చింది" అని అరిచేది. ఒకరోజు "అమ్మా, లిఫ్ట్ పదో ఫ్లోర్లో ఆగిపోయింది, మెయింటెనెన్స్ అంకుల్‌కి చెప్పు" అంది. ఫిల్ట్ ఎప్పుడు పోయిందో నాకు తెలీదు, అమ్మకీ తెలీదు. పోనీ పాపకైనా గుర్తుందా అంటే, "నేనెప్పుడూ అలా అనలేదు" అని దబాయిస్తోంది. మూడేళ్ళలోపు సంగతులు పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. మీరూ ఒకసారి ప్రయత్నించి చూడండి. అంటే వాళ్ళ జీవితంలో ఈ మొదటి మూడేళ్ళూ వాళ్ళ దగ్గర ఉండవు, చూసినవాళ్ళ దగ్గరే ఉంటాయి. మా చిన్నోడివి చాలావరకు మా అమ్మ దగ్గరున్నాయి. వాడు పడితే ఇప్పటికీ "అమ్మమ్మా" అనే ఏడుస్తాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు... మండదని అబద్ధం చెప్పను గానీ, అది ఆవిడ సంపాదించుకున్నదని తెలుసు.

అందుకే నా అభిప్రాయం ఇది. మనం కాపాడుకోవాల్సింది మొదటి అడుగుల్ని కాదు, రోజూ వచ్చే మామూలు గంటల్ని. "క్వాలిటీ టైమ్" అంటారు గానీ, పిల్లలకి ఆ మాట తెలీదు. ఆదివారం మాల్‌కి తీసుకెళ్ళి "ఇప్పుడు చెప్పు బంగారం, స్కూల్లో ఏం జరిగింది" అంటే మా పెద్దది "ఏం లేదు" అంటుంది. జడ వేస్తుంటే మాత్రం, "అమ్మా, ఆ అమ్మాయి నా పక్కన కూర్చోనంది" అని తనే చెప్తుంది. ఆ మాట కోసం రోజూ జడ వేయాలి, వేరే దారి లేదు.

మన చిక్కేంటంటే, ఇక్కడ సాయంత్రం ఏడయితే అమెరికా తూర్పు తీరంలో పొద్దున ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో అవుతుంది. వాళ్ళు కాఫీ కప్పుతో కాల్‌లోకొచ్చే టైమూ, మన పిల్లలు అన్నం తినే టైమూ ఒకటే. సంక్రాంతి తర్వాత నా కేలండర్లో ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా బ్లాక్ చేశాను. మొదట "పర్సనల్" అని పెడితే అందరూ దానిమీదే మీటింగులు పెట్టారు. తర్వాత "డెంటిస్ట్" అని పెట్టాను. వారానికి ఐదుసార్లు డెంటిస్ట్ ఏంటని ఒకాయన జాలిపడ్డాడు. చివరికి "పిల్లలు" అని పెట్టేశాను. అప్రైజల్లో "అవైలబిలిటీ కొంచెం తగ్గింది" అన్నారు, రేటింగు ఒక మెట్టు తగ్గింది. బాధపడలేదంటే నమ్మకండి. ఈఎంఐ ఉన్నవాళ్ళెవరూ నమ్మరు కూడా.

అయితే ఇదంతా ఒక్కో అమ్మ ఒక్కత్తే కేలండర్‌తో కుస్తీ పట్టి సాధించాల్సిన విషయమా? 2017లో చట్టం సవరించి మొదటి ఇద్దరు పిల్లలకి ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలు చేశారు. అది అందరికీ తెలుసు. అదే సవరణలో, 50 మంది అంతకంటే ఎక్కువ పనిచేసేచోట క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చనీ ఉంది. 2020 సాంఘిక భద్రతా కోడ్‌లోనూ ఈ ఏర్పాట్లు ఉంచారు. ఇది నాకు పెద్దది పుట్టినప్పుడు తెలీదు, చిన్నోడు పుట్టినప్పుడూ తెలీదు. మొన్న హెచ్చార్‌ని అడిగితే, మాకు ఒక క్రెష్‌తో ఒప్పందం ఉందన్నారు. అది మా ఆఫీసుకి తొమ్మిది కిలోమీటర్లు. ఆఫీసు ఆవరణలోనే ఉండాలని చట్టం అనలేదు, నిజమే. కానీ హైదరాబాదు ట్రాఫిక్‌లో రోజుకి నాలుగుసార్లు తొమ్మిది కిలోమీటర్లు వెళ్ళి రావాలంటే, ఇక కోడ్ రాసేది ఎప్పుడు?

నాన్నల సంగతి మరీ అన్యాయం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటు కంపెనీ మాత్రం ఇచ్చి తీరాలనే చట్టం లేదు, కంపెనీ దయ. చిన్నోడు ఆ గురువారం నడిచినప్పుడు మా ఆయన కూడా ఆఫీసులోనే ఉన్నాడు. ఈ సంగతి విన్నవాళ్ళంతా "అయ్యో, నువ్వు మిస్సయ్యావా" అని నన్నే అన్నారు. ఆయన్ని ఒక్కళ్ళూ అనలేదు. ఆ రాత్రి మాత్రం ఆయనే అన్నాడు, "నేనూ చూళ్ళేదుగా" అని. నాక్కూడా అప్పటిదాకా ఆ విషయం తట్టలేదు.

మా ఆఫీసులో నాతోపాటు ఇంకో నలుగురం, అందులో ఇద్దరు నాన్నలు, దగ్గర్లో క్రెష్ కావాలని రాసిచ్చాం. ఇంకా జవాబు రాలేదు. వచ్చేసరికి మా పిల్లలు దాన్ని దాటిపోతారేమో. పర్లేదు, ఇప్పుడు టీములో కొత్తగా పెళ్ళయినవాళ్ళు ముగ్గురున్నారు.

అమ్మ మళ్ళీ వచ్చింది, మోకాలికి పట్టీతో. ఈసారి ఒక ఒప్పందం చేసుకున్నాం: ఏదీ దాచకూడదు. మధ్యాహ్నం ఒంటిగంటకి నేను ఫోన్ చేస్తాను, జరిగింది జరిగినట్టు చెప్తుంది. నిన్న చిన్నోడు గడప దాటి, చెప్పులు తిరగేసి వేసుకుని, లిఫ్ట్ దాకా వెళ్ళిపోయాడట. లిఫ్ట్ చూసి ఏమన్నాడని అడిగాను.

"ఫిల్ట్" అన్నాడట.

ఈసారి రాసిపెట్టుకున్నాను. మీ ఇంట్లో మీ పిల్లల మొదటి అడుగుకి అరిసెలెవరు వండారో, బియ్యం ఎప్పుడు నానపోశారో, వీలైతే ఈ వారం వాళ్ళని ఒకసారి అడిగి చూడండి.