కట్టయు తూమును

చెఱువుకట్ట యెంత గట్టిదైనను తూము తెఱచి విడిచినచో నీరు నిలువదని మన రైతులకు వేఱుగ జెప్ప నక్కఱలేదు. చమురు ట్యాంకుల చుట్టు నిర్మించు కట్టలకును నిదియే న్యాయము. ట్యాంకు పగిలినను పొర్లినను చమురు వెలికి పాఱకుండ నాపుటకే యీ కట్ట. అందలి ట్యాంకులలో నెల్ల పెద్దదానిలోని చమురంతయు నిందు నిలువవలయునని నియమము. వాననీరు పోవుట కొక తూముండును; తక్కిన వేళల నది మూసియుండవలయును.

2009 అక్టోబరు 29వ తేదిని జైపూరుచెంత సీతాపురలో పెట్రోలు చిమ్మినప్పుడు కట్ట యున్నది. తూము మాత్రము మూసియుండలేదు. పెట్రోలు వాననీటి కాలువలకు పాఱెను. ఆవిరి క్రమ్మి ప్రేలెను. మంటలు వారమునకు మించి మండెను. పలువురు ప్రాణములు గోల్పోయిరి. 2005 డిసెంబరు 11న ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డునందు మంటలు చెలరేగగా కట్టల యతుకులు విడి, చమురును, మంటలార్పిన నీరును భూమిలోని కింకెను.

పరిశ్రమలు వలదని మేము చెప్పము. కాని గోడ కట్టించుటతో ధర్మము తీరినదని యజమానులు తలంపరాదు. తూమును దినదినము చూచువా రెవరు? తాళ మెవరిచేత నున్నది? నెఱ్ఱెను గాంచిన కూలివాడు నిర్భయముగ జెప్పగలడా? తూమున కొక తాళము వేయుట కగు వ్యయమెంత? విశాఖపట్టణమువంటి చోట్ల ట్యాంకుల దాపుననే జనులు కాపురముండగా, ఈ ప్రశ్నలకు బహిరంగముగ సమాధానము గోరు హక్కు ప్రజలకు గలదు. తనిఖీ యధికారులు వర్షకాలమునకు ముందే ప్రతి తూమును స్వయముగ జూడవలయును. కాగితముమీది కట్ట చమురు నాపజాలదు.