మెయిల్‌కి తాళం సరే, ఫైసలా ఎవరిది?

కంపెనీ లోపల ఎవరికైనా మెయిల్ రాసుకోవచ్చు, బయటికి మాత్రం ఒక్కటీ పోదు. మన ఇళ్ల పిల్లలు కొందరు ఇలాంటి బందోబస్తు ఉన్న ఆఫీసుల్లోనే నౌకరీ చేస్తున్నారు. నేను మెయిల్ సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను కాబట్టి నా రాయ్ సాఫ్‌గా చెప్తాను.

ఈ పని ముష్కిల్ ఏమీ కాదు. వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాసి, 1998లో బయటికి వచ్చిన పోస్ట్‌ఫిక్స్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకోండి. బయటికి రాయకూడనివాళ్ల చిరునామాలు ఒక ఫైల్లో, కంపెనీ సొంత డొమైన్లు ఇంకో ఫైల్లో పెడతారు. పంపేవాడు మొదటి ఫైల్లో ఉంటే, అందుకునేవాడి డొమైన్ రెండో దాంట్లో ఉందా అని సర్వర్ చూస్తుంది. లేకపోతే మెయిల్ వాపస్.

ఈ తరీఖా ఆ సాఫ్ట్‌వేర్ గైడ్‌లోనే ఉంది. అక్కడ సవాల్ అడిగినతను ముందే చెప్పేస్తాడు: ఈ ఆంక్ష జరూరా కాదా అని బహస్ పెట్టకండి, ఫైసలా నాది కాదు అని. నాకు గుచ్చుకునేది ఆ మాటే. బహస్ చేయాల్సింది దాని గురించే కదా!

కస్టమర్ల వివరాలు అమానత్. వాటిని కాపాడటం కంపెనీ జిమ్మేదారీ, దానికి నేను ఖిలాఫ్ కాదు. కానీ ఆ ఫైల్లో చిన్న ఉద్యోగుల పేర్లే ఉండి, అన్ని కాగితాలూ చూడగలిగే పెద్దసార్ల పేర్లు లేకపోతే? అది హిఫాజత్ ఎలా అవుతుంది? కిందివాళ్ల మీద షక్ అవుతుంది, అంతే.

పైగా అదే గైడ్ ఇంకో సంగతి దాచకుండా ఒప్పుకుంటుంది. పంపేది నిజంగా ఎవరో ఈ పద్ధతి పరీక్షించదు. ఇజాజత్ ఉన్నవాడి చిరునామా పెట్టుకుని పంపినా, ఇంత కట్టడి లేని వేరే సర్వర్ గుండా పంపినా మెయిల్ వెళ్లిపోతుంది. చోర్‌కి దర్వాజా తెరిచే ఉంది. పీఎఫ్ గురించి బయటికి నాలుగు ముక్కలు రాయాలనుకున్న సీదాసాదా మనిషే ఆగిపోతాడు.

నేనడిగేవి మూడే. లాగిన్ అయిన మనిషీ, మెయిల్ మీది చిరునామా ఒకటేనా అని సర్వర్‌తో చూపించండి. పోస్ట్‌ఫిక్స్‌లో ఆ సౌకర్యం ఉంది. ఎవరి చేతిలో అమానత్ ఉందో చూసి ఆంక్ష పెట్టండి, కుర్చీ ఎత్తు చూసి వద్దు. నౌకరీలో చేరిన రోజే ఆ సంగతి చెప్పండి.

పిల్లలకూ ఒక మాట. "ఈ ఫైసలా ఎవరిది, ఎందుకు?" అని అదబ్‌తో అడగండి. అది బద్తమీజీ కాదు, మీ హక్కు.