ఒక్క చుక్క చాలు, గురి తప్పడానికి

విల్లుతో వేటాడే వీడియోలు ఫోన్లో మీకూ తగిలే ఉంటాయి. దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. బంగారు రంగు గడ్డి, పొద్దుటి ఎండ, దూరంగా కొమ్ములు తిప్పుతూ ఒక పెద్ద ఎల్క్. స్లో మోషన్‌లో బాణం వెళ్తుంది, బ్యాక్‌గ్రౌండ్‌లో డ్రమ్స్ మోగుతాయి. అయిపోయింది, లైక్ కొట్టండి.

అదే అమెరికా పడమటి తీరానికి వెళ్ళండి. సియాటిల్ దాటాక ఒలింపిక్ ద్వీపకల్పం అని ఒకటుంది. అక్కడి హో అడవిలో ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన హైదరాబాద్‌లో 800 దాటితేనే ‘ఈసారి వానలు బాగా కురిశాయి’ అంటాం. అంటే నాలుగింతలు! అక్కడ గడ్డి మైదానాలూ లేవు, బంగారు రంగూ లేదు. అంతా పచ్చదనం, నాచు, బురద. చెట్టు మీద చెట్టు, దాని మీద ఇంకో చెట్టు. వీడియో తీద్దామంటే లెన్స్ మీద నీళ్ళు. అందుకే ఈ వేట గురించి రీల్స్ తక్కువ. కానీ అసలు కథ ఇక్కడే ఉంది.

ముందే ఒక మాట. ఇది చదివి ఎవరూ విల్లు పట్టుకుని నల్లమలకి బయల్దేరకండి. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, తిన్నగా జైలుకే. తమాషా ఏంటంటే వాషింగ్టన్ రాష్ట్రంలోనూ ఆ 1972కి ఒక లెక్కుంది. ఆ ఏడాది జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళు వేట పాఠాలు నేర్చుకుని పాసైతే తప్ప లైసెన్స్ ఇవ్వరు. లైసెన్స్ ఉన్నా హో అడవిలో మాత్రం వేటాడకూడదు, అది నేషనల్ పార్క్. దాని చుట్టూ ఉన్న ప్రభుత్వ అడవుల్లో, సీజన్‌లో, పర్మిట్‌తో వేటాడొచ్చు. విల్లు వేటకి సీజన్ సెప్టెంబర్‌లో వస్తుంది. సరిగ్గా వానలు మళ్ళీ మొదలయ్యే రోజులవి.

అక్కడ తిరిగే జంతువు పేరు రూజ్‌వెల్ట్ ఎల్క్. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పేరే దానికి పెట్టారు. ఈ జంతువుల్ని కాపాడాలనే ఆయన 1909లో అక్కడ కొంత అడవిని రక్షిత ప్రాంతం చేశాడు. 1938లో అదే పార్క్ అయింది. మన కణుజుకి పెద్దన్న లాంటిది ఇది, పెద్ద మగది 400 కిలోలు దాటుతుంది. అంత జంతువు ఇరవై గజాల దూరంలో నిలబడినా కనిపించదు. సలాల్ అని నడుము ఎత్తు పొదలు, ఛాతీ దాకా పెరిగే ఫెర్న్‌లు, అడ్డదిడ్డంగా వంగిన వైన్ మేపుల్ కొమ్మలు. వీటి మధ్య డెవిల్స్ క్లబ్ అని ఇంకొకటి. కాండం నిండా ముళ్ళే, ఆకు కింద కూడా ముళ్ళే. జారిపడుతూ దాన్ని పట్టుకున్నవాడు ఇంక జన్మలో మర్చిపోడు.

ఇప్పుడు విల్లు సంగతి. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు బంగారు పతకాలు కొట్టింది గుర్తుందా? ఆవిడ చేతిలో ఉండేది కాంపౌండ్ విల్లు. వేటగాళ్ళలో ఎక్కువమంది వాడేది కూడా ఆ జాతిదే. రెండు కొసల్లో కప్పీల్లాంటి చక్రాలుంటాయి, వాటిని క్యామ్‌లు అంటారు. 60 పౌండ్ల విల్లంటే 27 కిలోల బరువు లాగినట్టు. పూర్తిగా లాగాక మాత్రం ఆ క్యామ్‌ల పుణ్యమా అని చేతి మీద అందులో ఐదో వంతు బరువే ఉంటుంది. మిగతా శక్తంతా వంగిన విల్లులో దాక్కుని ఉంటుంది.

ప్రమాదం కూడా అక్కడే. పొదల్లోంచి దూరి వెళ్తుంటే ఒక పుల్ల ముక్క వచ్చి తాడుకీ క్యామ్‌కీ మధ్య ఇరుక్కుంటుంది. చూసుకోకుండా లాగితే తాడు గాడి తప్పి ఊడిపోతుంది. బాణంలోకి పోవాల్సిన శక్తి మొత్తం తిరిగి విల్లు మీదే పడుతుంది. చెక్కలు పగులుతాయి, తెగిన తాడు మొహానికి తగలొచ్చు. అందుకే తెలిసినవాళ్ళు దట్టమైన చోట విల్లుని ఛాతీకి దగ్గరగా, తాడు ఒంటి వైపు తిప్పి పట్టుకుంటారు. లేదంటే తాడునీ క్యామ్‌లనీ కప్పేసే గుడ్డ తొడుగు వేస్తారు. ఆగిన ప్రతిసారీ రెండు క్యామ్‌లనీ వేలితో తడిమి చూస్తారు. కంటితో చూస్తే చాలదు, తడి పుల్ల నల్లగా ఉండి క్యామ్ రంగులో కలిసిపోతుంది.

పొదలు పెట్టే ఇంకో తిప్పలు బాణం దారిది. మీ కంటికి జంతువు దాకా దారి ఖాళీగానే కనిపిస్తుంది. కానీ బాణం సూటిగా పోదు, కొంచెం పైకి లేచి దిగుతుంది. 40 గజాల దూరంలో ఉన్నదానికి గురిపెడితే 20 గజాల దగ్గర బాణం మీ చూపు కన్నా పైన ఉంటుంది. అక్కడ వేలాడే చిటికెన వేలంత కొమ్మ చాలు, బాణం ఎటో పోతుంది. దీనికి పాత చిట్కా ఒకటుంది. గురి చూసే సైట్‌లో దూరానికొక పిన్ను ఉంటుంది కదా, 40 పిన్నుని జంతువు మీద పెట్టి, 20 పిన్ను ఎక్కడ ఉందో చూడాలి. 20 గజాల దూరంలో ఉన్న కొమ్మ మీద ఆ పిన్ను పడిందా, బాణం ఆ కొమ్మకే తగులుతుంది. ఫిజిక్స్ క్లాసులో ప్రొజెక్టైల్ మోషన్ ఎందుకు చెప్పారని తిట్టుకున్నవాళ్ళకి ఇదీ జవాబు.

సరే, నీళ్ళ దగ్గరికి వద్దాం. విల్లుకీ వానకీ పడదన్నది ఇవాళ్టి మాట కాదు. 1346లో క్రెసీ యుద్ధంలో జడివాన వచ్చిందట. ఇంగ్లిష్ విలుకాళ్ళు తాళ్ళు విప్పి టోపీల కింద దాచుకున్నారని, అవతలి వైపు జెనోవా వాళ్ళ విళ్ళ తాళ్ళు నానిపోయాయని ఆ కాలపు రచయిత ఒకాయన రాశాడు. అప్పట్లో తాళ్ళు నారతో చేసేవాళ్ళు. ఇక్కడ మన భిల్లులు వెదురు బద్దనే అల్లెతాడుగా కట్టారు. ఇప్పటి తాళ్ళు సింథటిక్, పోగు నీళ్ళు పీల్చదు. కానీ పోగుకీ పోగుకీ మధ్య నీళ్ళు చేరతాయి. తాడు బరువెక్కుతుంది, బాణం వేగం కాస్త తగ్గుతుంది, గురి కిందికి జారుతుంది. మందు చవకే, మైనం. రాసి వదిలేస్తే లాభం లేదు, వేళ్ళతో రుద్ది రుద్ది ఆ వేడికి లోపలికి దిగేలా చెయ్యాలి. తాడు మీద ఎంత చిక్కటి నూగు ఉంటే మైనం అంత ఎండిందన్నమాట.

బాణం వెనక ఈకలుంటాయి చూశారూ, సంప్రదాయ విళ్ళు వాడేవాళ్ళు టర్కీ కోడి ఈకలు వాడతారు. తడిస్తే అవి కోడి వానలో తడిసినట్టే అవుతాయి, అంటుకుపోతాయి. బాణాన్ని తిన్నగా నడిపించేది ఈకే కాబట్టి అది అణిగిపోతే బాణం తోక ఊపుకుంటూ పోతుంది. నీళ్ళని నిలవనివ్వని పౌడర్లున్నాయి, ప్లాస్టిక్ కవర్ తొడిగేవాళ్ళూ ఉన్నారు. కాంపౌండ్ వాళ్ళకి ఈ గొడవ లేదు, వాళ్ళ బాణాలకి ప్లాస్టిక్ రెక్కలు. బాణం మొన బ్లేడ్లకి మాత్రం ఎవరికైనా తుప్పే. సన్నగా వాజ్‌లీన్ పూస్తే సరి.

ఇంతకీ ఎక్కువమందిని మోసం చేసేది వీటిలో ఏదీ కాదు. పీప్! తాడు మధ్యలో చిన్న రింగు ఉంటుంది, దాని బొక్కలోంచి చూస్తూ సైట్ పిన్నుతో గురి కలపాలి. ఆ బొక్కలో ఒక్క నీటి చుక్క నిలిచిందనుకోండి, లాగి పట్టుకున్నాక కనిపించేది మసక వెలుతురు మాత్రమే. జంతువు ముందే ఉంటుంది, చెయ్యి వణుకుతుంటుంది, ఏం చెయ్యాలో తోచదు. చేసేదల్లా లాగే ముందు పీప్‌లోకి ఒకసారి ఉఫ్ అని ఊదడం. వేలల్లో డబ్బు పోసి కొన్న సామానుకి ఊపిరితో రిపేరు. పెద్ద బొక్క ఉన్న పీప్ వాడితే చుక్క నిలవడం తక్కువ, పైగా ఆ అడవి చీకట్లో వెలుతురు కూడా ఎక్కువ వస్తుంది.

బట్టల్లో ఒక్కటే చెప్తాను, జీన్స్ వద్దు. తడిసిన నూలు ఒంట్లో వేడి లాగేస్తుంది. రెయిన్‌కోట్ ముంజేయి దగ్గర వదులుగా ఉంటే తాడు దానికి కొట్టుకుని బాణం పక్కకి పోతుంది కాబట్టి అక్కడ బ్యాండ్ కట్టాలి. ఫోన్ జిప్ కవర్లో ఉండాలి, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ అయి ఉండాలి. తడి వేళ్ళకి టచ్ స్క్రీన్ మాట వినదన్నది మీకు నేను చెప్పక్కర్లేదు. దూరం కొలిచే లేజర్ రేంజ్‌ఫైండర్‌ని కూడా పూర్తిగా నమ్మొద్దు. జోరువానలో, ముందున్న ఆకుల్లో దాని కిరణం తగిలి తిరిగొచ్చేసి తప్పు లెక్క చూపిస్తుంది.

ఇదంతా చేశారు. తాడు పొడిగా ఉంది, పీప్ శుభ్రం, దారి ఖాళీ, జంతువు పాతిక గజాల్లో పక్కకి తిరిగి నిలబడింది. పైన వాన దంచుతోంది. వెయ్యాలా?

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి చెప్పాలి. తూటా దెబ్బ వేరు, బాణం దెబ్బ వేరు. బాణం మొన బ్లేడ్లు రక్తనాళాల్ని కోస్తాయి, రక్తం పోయి జంతువు చనిపోతుంది. ఊపిరితిత్తుల్లో సరిగ్గా తగిలితే సాధారణంగా కొద్ది సెకన్లే, అయినా ఆ సెకన్లలో వంద గజాలు పరిగెడుతుంది. ఈ అడవిలో వంద గజాలంటే వేరే ఊరు. కనుక్కోవడానికి ఉన్న దారల్లా రక్తపు చుక్కలే. దెబ్బ తగిలాక వెంటనే వెళ్ళకూడదు, తరిమితే అది ఇంకా దూరం పోతుంది. మంచి దెబ్బకి అరగంట నుంచి గంట ఆగాలి. కడుపులో తగిలిందనిపిస్తే ఆరేడు గంటలు, ఇంకా ఎక్కువ కూడా. జోరువాన అంతసేపు ఆగనివ్వదు, కొద్ది నిమిషాల్లో నేల మీది చుక్కలన్నీ కడిగేస్తుంది. ఆగితే జాడ పోతుంది, ఆగకపోతే జంతువు పోతుంది. ఎక్కడో ఫెర్న్‌ల కింద రోజంతా బాధపడి చస్తుంది. ఎవరికీ దొరకదు, ఎవరూ తినరు.

నేల మీద పోయినా, జంతువు డొక్క ఎత్తులో ఆకుల అంచులకి, ఆకుల అడుగున అంటిన రక్తం కాసేపు మిగులుతుంది, అక్కడ వెతుకుతారు. ఇందులోనూ ఒక చిక్కుంది. వైన్ మేపుల్ ఆకులు సెప్టెంబర్‌లో ఎర్రబారుతుంటాయి, మచ్చలు అచ్చం రక్తంలాగే ఉంటాయి. అందుకని కొందరు మందుల షాపుల్లో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని స్ప్రే సీసాలో తీసుకెళ్తారు. రక్తమైతే నురగ వస్తుంది, ఆకు మచ్చయితే రాదు. చుక్క దొరికిన ప్రతిచోటా టాయిలెట్ పేపర్ ముక్క వేలాడదీసి వెనక్కి చూస్తే జంతువు ఎటు పోయిందో గీత కనిపిస్తుంది. ఆ పేపర్ కూడా వానలో కరిగిపోతుందనుకోండి, అది వేరే సంగతి.

ఇన్ని చిట్కాలున్నా, వాన దంచేటప్పుడు వెయ్యకపోవడమే సరైన పని అంటాను. చినుకులైతే పదిహేను, ఇరవై గజాల లోపు, అదీ పక్కకి తిరిగి నిలబడితేనే. జడివానలో అయితే తాడు వదలకుండా మెల్లగా దించెయ్యడమే. విల్లుకి ఖరీదైన తొడుగులు కొని, కుండపోతలో నలభై గజాల నుంచి వేసేవాళ్ళకి సామాను మీద ఉన్న శ్రద్ధ జంతువు మీద లేనట్టే. అసలు సామాను పొడిగా ఉంచుకునేది ఆ ఒక్క బాణం పెట్టిన చోట తగలడానికే కదా.

ఇంటికొచ్చాక సగం మంది చేసే పని, తడి విల్లుని నురగ పెట్టెలో పెట్టి కారు డిక్కీలో వదిలెయ్యడం. ఆ నురగ స్పాంజిలా నీళ్ళు పట్టుకుంటుంది, తెల్లారేసరికి స్క్రూలన్నీ తుప్పు. ఇంకొందరు హీటర్ ముందు పెడతారు, అది ఇంకా ఘోరం. వేడికి తాడు సాగుతుంది, విల్లు చెక్కల పొరలు విడిపోవచ్చు. గుడ్డతో తుడిచి, గదిలో గోడకి తగిలించాలి, పెట్టె తెరిచి ఉంచాలి. బాణాలు అంబులపొదిలోంచి తీసి విడిగా ఆరబెట్టాలి. క్యామ్ ఇరుసుల దగ్గర ఒక్కో నూనె చుక్క. పూర్తిగా ఆరాక పెట్టెలో సిలికా జెల్ ప్యాకెట్లు పడెయ్యొచ్చు. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చేవే, పారెయ్యకండి.

మర్నాడు మళ్ళీ అడవికెళ్ళే ముందు ఇంటి వెనక గడ్డి మోపు మీదో, ఫోమ్ దిమ్మ మీదో ఇరవై గజాల నుంచి ఒక బాణం వేసి చూస్తారు. తడికి తాడు మెలిపడి పీప్ పక్కకి తిరిగినా, సైట్ స్క్రూ వదులైనా ఆ ఒక్క బాణంతో తెలిసిపోతుంది. నాలుగు వేళ్ళు అటూ ఇటూ పడిందంటే ఆ రోజు వెళ్ళాల్సింది అడవికి కాదు, విల్లు షాపుకి.