గృహవిజ్ఞానము: పాత యంకెలకు క్రొత్త వెలుగు

చిరిగిన చీరలను బొంతగా కుట్టుటయు, పగిలిన కుండలో మెంతికూర చల్లుటయు మన స్త్రీలకు ఒకరు నేర్పవలసిన విద్యలు కావు. వస్తువు పాతబడినంతమాత్రమున దాని పని తీరిపోలేదని మన మెఱుగుదుము. అయినను విద్యుత్తుతో పనిచేయు వస్తువు ఎదుటికి వచ్చినచో చేయి వెనుకకు తీసికొందుము. “అది మగపిల్లల పని” యని తల్లులే కుమార్తెలను వారించుట కలదు. ఈ జంకును పోగొట్టుటకు తగిన చిన్నపని నొకదానిని ఈ నెల చెప్పుచున్నాము. మిగులు సరకుగా అమ్ముడుపోవు ఎఱ్ఱ యంకెల పలకలను మైక్రోకంట్రోలరు అను చిన్న చిప్పుతో మరల వెలిగించుటయే ఆ పని.

కంటికి కనబడు ఎఱ్ఱని కాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని 1962లో అమెరికాలోని జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీలో నిక్ హోలొన్యాక్ అను శాస్త్రజ్ఞుడు చేసెను. 1972లో హ్యూలెట్ ప్యాకార్డు కంపెనీ వెలువరించిన హెచ్.పి.-35 అను చేతి గణనయంత్రములో ఇట్టి యంకెలే యుండెను. వెలుగునిచ్చు పదార్థము ఖరీదైన దగుటచే అంకెను మిక్కిలి చిన్నదిగా చేసి, పైన ఉబ్బిన కటకము నుంచి పెద్దదిగా చూపుచుండిరి. అవి విద్యుత్తును ఎక్కువగా వాడుకొనుటచే గణనయంత్రములలో వాని స్థానమును ద్రవస్ఫటికపు పలకలు ఆక్రమించెను. మిగిలిన సరకు వర్తకుల చేతికి వచ్చెను. నాలుగంకెలు, పండ్రెండు పిన్నులు గల క్యూ.డి.ఎస్.పి.-6064 అను పలక అట్టిదే.

ఒక్కొక్క యంకెలో ఏడు గీతలును, ఒక చుక్కయు ఉండును. కుడివైపు రెండు గీతలు వెలిగిన ఒకటి. ఏడును వెలిగిన ఎనిమిది. నడిమి గీత ఆరిన సున్న. ఒక యంకెలోని గీతలన్నిటికిని ఒక కొన కలిసియుండును. కలిసినది ఋణధ్రువమైనచో ‘కామన్ కాథోడ్’ అనియు, ధనధ్రువమైనచో ‘కామన్ ఆనోడ్’ అనియు అందురు.

పాత సరకుతో చిక్కేమనగా, ఏ పిన్ను దేనిదో తెలుపు కాగితము సాధారణముగా దొరకదు. అందులకు వెఱవ నక్కఱలేదు. మూడు చిన్న బ్యాటరీలను వరుసగా కూర్చిన 4.5 వోల్టులు వచ్చును. ధనపు తీగకు 1000 ఓముల రెసిస్టరు తగిలింపవలెను. ఆ కొనను ఒక పిన్నుకును, ఋణపు తీగను మఱియొక పిన్నుకును తాకించుచు పోవలెను. పండ్రెండు పిన్నులకు జతలు, అటునిటు త్రిప్పి చూచినను, 132 మాత్రమే. ఎక్కడనో ఒక గీత వెలుగును. అప్పుడు ఋణపు తీగను కదల్పక, ధనపు తీగను తక్కిన పిన్నులపై జరుపవలెను. ఒకే యంకెలోని గీతలు ఒకటొకటిగా వెలిగినచో అది కామన్ కాథోడ్. ఒకే గీత నాలుగంకెలలోను మాఱిమాఱి వెలిగినచో కామన్ ఆనోడ్. కనబడినదానిని కనబడినట్లు కాగితముపై పట్టికగా వ్రాసికొన్నచో, దొరకని కాగితము మన చేతనే తయారగును.

నాలుగంకెలకు గీతలు, చుక్కలు కలిసి 32. కాని పిన్నులు పండ్రెండే. ఇది యెట్లు సాధ్యమందురా? చిప్పు ఒక్కొక్క యంకెను మాత్రమే సెకనులో వేయింట రెండు వంతుల కాలము వెలిగించి, వెంటనే తరువాతిదానికి పోవును. నాలుగంకెల చుట్టు ఇట్లు సెకనుకు 125 మాఱులు తిరుగును. దీపావళినాడు చీకటిలో కాకరపువ్వొత్తిని గిరగిర త్రిప్పిన వెలుగు చక్రమై కనబడునట్లే, మన కంటికి నాలుగంకెలును ఒక్కమాఱే నిలిచి వెలుగుచున్నట్లు తోచును.

ఇందు తప్పక పాటింపవలసిన నియమములు రెండు. మొదటిది, ప్రతి గీత తీగకును వేఱుగా ఒక రెసిస్టరు ఉండవలెను. ఉమ్మడి పిన్నుకు ఒక్కటే పెట్టినచో ఒకటి అంకె మిక్కిలి ప్రకాశముగను, ఎనిమిది మసకగను కనబడును. ఒకే గొట్టపు నీటిని రెండు కుళాయిలు పంచుకొనుటకును, ఏడు పంచుకొనుటకును భేద ముండదా? రెండవది, ఉమ్మడి పిన్నుపై భార మెక్కువ. గీతకు 10 మిల్లీ ఆంపియరులైన, చుక్కతో కూడిన ఎనిమిదికి 80 అగును. ఆర్డుయినో ఊనో పలకలోని చిప్పు ఒక్క పిన్నునకు 40కి మించి ఓర్వదు. 20 దాటకుండుట మేలు. కావున ఆ భారమును ట్రాన్సిస్టరుపై మోపవలెను.

పని చేతికి వచ్చిన పిదప దీనిని వంటయింటి గడియగా చేసికొనవచ్చును. ఇడ్లీ ఆవిరికి పండ్రెండు నిమిషములు పెట్టిన, అంకెలు ఒక్కొక్క సెకను తగ్గుచు సున్నకు వచ్చును. గోడ గడియారముగా వాడదలచినవారు డి.ఎస్. 3231 అను కాలమానపు చిప్పును చేర్చినచో సాధారణముగా ఏడాదికి ఒక నిమిషమునకు మించి తేడా రాదు.

ఒక హెచ్చరిక. అంకెల కొఱకు పాత మైక్రోవేవ్ పొయ్యిని గాని, ఇండక్షన్ పొయ్యిని గాని విప్పరాదు. మైక్రోవేవ్ పొయ్యిలోని కెపాసిటరు తీగ లాగివేసిన పిమ్మటను ప్రాణము తీయగల విద్యుత్తును దాచియుంచును. విడి పలకలనే కొనుడు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ, చెన్నపురి రిచీ వీధి ఎలెక్ట్రానిక్ సరకులకు ప్రసిద్ధములు. సీసము గల టంకముతో అతికినచో చేతులు బాగుగా కడుగుకొనవలెను. ఆ పనిముట్లను వంటపాత్రలకు దూరముగా ఉంచవలెను.

ఇందు మిగులునది కొద్ది పైకమే. దానికై మేమింత వ్రాయలేదు. పేరు తెలియని వస్తువును భయపడక, తొందరపడక, ఒక్కొక్క పిన్నునే తాకి చూచి దాని గుట్టు తెలిసికొన్న బాలిక, రేపు ఇంటిలో ఏ యంత్రము చెడినను ఒరుల ముఖము చూడక ముందు తానే ఆలోచించును. కావున ఈ సెలవులలో బ్యాటరీలను, రెసిస్టరును కుమారునికే గాక కుమార్తెకును ఇండు. వీలైనచో మీరును ఆమె ప్రక్కన కూర్చుండుడు. చిప్పునకు ఆజ్ఞలు వ్రాయు విధమును వచ్చు నెలలో వివరింతుము.