300 వాట్లు కొని... వాడేది ఒక్కటేనా?

గదిలో లైటు తీసేసినా ఆ పెట్టె ఎక్కడుందో వెతుక్కోవక్కర్లేదు. నల్లటి అద్దం వెనక నీలిరంగు కిటికీలు రెండు వెలుగుతుంటాయి. ఒక్కో కిటికీలో ఒక్కో సూది. పాట మొదలవగానే సూదులు ఊగుతాయి. కానీ ఎంతదాకా? ఒక వాటు, మహా అయితే రెండు. దాని సామర్థ్యమేమో చానల్‌కు 300 వాట్లు! లక్షల రూపాయలు పోసి కొన్న యంత్రం సాయంత్రమంతా ఒక్క వాటు పనిచేసి పడుకుంటుందన్నమాట. 'మరి మిగతా 299 ఎందుకండీ?' అని ఇంటావిడ అడిగిందంటే ఆయనగారు నీళ్లు నమలాల్సిందే.

మెకింటాష్ యాంప్లిఫయర్ ఉన్న ఇళ్లలో ఈ ప్రశ్న కొత్తదేం కాదు. సొంతదారుల దగ్గర దానికి సమాధానమూ సిద్ధంగానే ఉంటుంది. పాటకు ప్రాణం వచ్చినట్టుందంటారు. ఎంత పెంచినా చెవి నొప్పెట్టదంటారు. తబలా బొటనవేలి దగ్గర మోగినట్టుంటుందనేవాళ్లూ ఉన్నారు. ఇంజినీర్లలో చాలామంది మాత్రం ఆ మాటలకు నవ్వేస్తారు. ఓ స్థాయి దాటాక మంచి యాంప్లిఫయర్లన్నీ ఒకేలా మోగుతాయనీ, తేడా కనిపించేది బిల్లులోనేననీ వీళ్ల వాదన. ఎవరి మాట నిజం?

మైకుసెట్టుకు పెద్దన్న

ముందుగా ఈ పెట్టె చేసే పనేంటో చూద్దాం. పెళ్లిపందిట్లో మైకుసెట్టు అందరికీ తెలిసిందే. మైకులో పుట్టే విద్యుత్తు అతి స్వల్పం. దానికి స్పీకర్ కదలదు. ఆ చిన్న తరంగాన్ని రూపు చెడకుండా పెద్దది చేసి స్పీకర్‌ను ఊపేదే యాంప్లిఫయర్. ఖరీదైన స్టీరియోల్లో ఈ పనిని రెండుగా విడగొడతారు. పాట ఎంచుకోవడం, శబ్దం తగ్గించడం, పెంచడం ప్రీయాంప్లిఫయర్ వంతు. బరువు మోసేది పవర్ యాంప్లిఫయర్. దానికి చాలాసార్లు మీటలు కూడా పెద్దగా ఉండవు. చేయాల్సిందల్లా ఒక్కటే... వచ్చినదాన్ని వచ్చినట్టు పెద్దది చేయడం.

చెప్పడం తేలికే. చేయడమే కష్టం. పెద్దది చేసే క్రమంలో శబ్దంలో ఎంతోకొంత కల్తీ కలుస్తుంది. వాల్వుల కాలంలో ఈ బెడద మరీ ఎక్కువ. ఫ్రాంక్ మెకింటాష్, గోర్డన్ గౌ అనే ఇద్దరు ఇంజినీర్లు దాన్ని తగ్గించడానికి వాల్వులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే ట్రాన్స్‌ఫార్మర్ మీద దృష్టి పెట్టారు. అందులో తీగ చుట్టే పద్ధతినే మార్చారు. 1949లో కంపెనీ పెట్టారు. కొద్దికాలానికే అది న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్‌టన్ పట్టణానికి మారింది. ఆపిల్ కంప్యూటర్ మెకింటాష్‌కూ ఈ కంపెనీకీ సంబంధం పేరు వరకే. అదీ ఊరికే రాలేదు. 1980ల్లో ఆ పేరు వాడుకోవడానికి ఆపిల్ వాళ్లు వీళ్లతో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది!

1961లో వచ్చిన ఎంసీ275 ఈ కంపెనీకి పెద్ద పేరు తెచ్చింది. చానల్‌కు 75 వాట్లు. తళతళలాడే క్రోమ్ పళ్లెం మీద నిలబెట్టిన వాల్వులు, వెనక నల్లటి ట్రాన్స్‌ఫార్మర్లు, దాదాపు 30 కిలోల బరువు. 1969లో లక్షల మంది చేరిన వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో మోగింది ఈ కంపెనీ యాంప్లిఫయర్లే. 1974లో గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం వేదిక వెనక గోడంత ఎత్తున స్పీకర్లు పేర్చినప్పుడు వాటిని నడపడానికి నలభైకి పైగా మెకింటాష్‌లు కావాల్సి వచ్చాయి.

మృదంగం చెప్పే లెక్క

మళ్లీ ఇంట్లోకి వద్దాం. సూది ఒకటి దగ్గరే ఆడుతోంది కదా! కచేరీ రికార్డు ఒకటి పెట్టారనుకోండి. గాయకుడు నెమ్మదిగా ఆలపిస్తున్నంతసేపూ స్పీకర్‌కు ఒక్క వాటు చాలు. ఇంతలో మృదంగం మీద ఓ గట్టి దెబ్బ పడింది. అది సగటు శబ్దం కంటే 20 డెసిబెల్స్ పైకి ఎగిసిందనుకుంటే మన చెవికి సుమారు నాలుగింతలు పెద్దగా వినిపిస్తుంది. యాంప్లిఫయర్‌కు మాత్రం అది వందింతల పని! ఒక వాటు ఉన్నచోట ఆ రెప్పపాటులో 100 వాట్లు కావాలి. 30 వాట్లే ఉన్న సెట్టయితే తరంగం తల తెగిపోతుంది. దెబ్బ 'ధిం' అనకుండా 'టప్' అంటుంది. శబ్దం పెంచినకొద్దీ చెవికి విసుగు పుట్టేది అందుకే.

కాబట్టి ఎంత పెంచినా నొప్పెట్టదన్న మాటలో నిజం ఉంది. మిగతా 299 వాట్లూ బావిలో నీళ్లలాంటివి. రోజూ రెండు బిందెలే తోడినా, పెళ్లినాడు బావి ఎండిపోకూడదు కదా. అయితే ఇక్కడే రెండు మెలికలున్నాయి. మొదటిది... 100 వాట్ల నుంచి 200కు వెళ్తే పెరిగేది మూడు డెసిబెల్సే. డబ్బు రెట్టింపు పెట్టినా చెవికి అందే తేడా కొంచెమే. రెండోది... ఈమధ్య సినిమా పాటలు చాలావరకు మొదటినుంచి చివరిదాకా ఒకే ఎత్తులో మోగేలా తయారవుతున్నాయి. వాటిలో ఎగిసే దెబ్బలే తక్కువ. అలాంటి పాటలే వినే ఇంట్లో ఆ బావిలోకి బిందె దిగనే దిగదు.

తబలా మోత బిగువుగా ఉంటుందన్న మాటకూ ఆధారం ఉంది. స్పీకర్ పొర ఒకసారి ఊగాక వెంటనే ఆగదు. దాన్ని పట్టి ఆపే పట్టు యాంప్లిఫయర్‌కు ఉండాలి. ట్రాన్సిస్టర్ సెట్లకు ఆ పట్టు ఎక్కువ, వాల్వు సెట్లకు తక్కువ. వాల్వు సెట్టులో పాట వెచ్చగా, మెత్తగా ఉంటుందంటారు చూశారా... దానికి ఒక కారణం ఈ తక్కువ పట్టే. మరో కారణం వాల్వులు కలిపే చిటికెడు కల్తీ. చెవికి ఆ కల్తీ కమ్మగా ఉంటుంది. అంతే!

కళ్లకు గంతలు కడితే?

అసలు చిక్కు ఇక్కడుంది. ఇన్ని కారణాలున్నా, యాంప్లిఫయర్ కనబడకుండా దాచి వినిపిస్తే ఏది ఏదో చెప్పగలరా?

1985లో బాబ్ కార్వర్ అనే అమెరికన్ ఇంజినీర్ స్టీరియోఫైల్ అనే పత్రిక సంపాదకులతో పందెం కట్టారు. వాళ్లకు నచ్చిన ఖరీదైన యాంప్లిఫయర్ ఏదైనా సరే, తన చవక సెట్టును దానిలాగే మోగేలా 48 గంటల్లో మారుస్తానన్నారు. వాళ్లు ఓ పెద్ద వాల్వు సెట్టు తెచ్చారు. ఈయన న్యూమెక్సికోలోని శాంటా ఫేలో ఓ హోటల్ గదిలో సోల్డరింగ్ గన్ పట్టుకుని కూర్చున్నారు. రెండు సెట్లకూ ఒకే పాట పంపి, వచ్చిన శబ్దాలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలిన తేడాను కొలుస్తూ సరిచేసుకుంటూ పోయారు. చివరికి సంపాదకులు చేతులెత్తేశారు. రోజూ ఇదే పనిలో ఉండే చెవులు ఆ రెంటినీ వేరు చేయలేకపోయాయి. ఆ తర్వాత దుకాణాల్లోకి వచ్చిన సెట్లు అచ్చం అలా లేవని పత్రిక రాయడం, తగవు కోర్టుకెక్కడం వేరే కథ. కానీ హోటల్ గదిలో తేలిన విషయం మాత్రం నిలిచిపోయింది. తేడాలున్నాయి, వాటిని కొలవొచ్చు, తక్కువ ఖర్చుతో తెచ్చుకోనూవచ్చు.

మరి సొంతదారులు అబద్ధమాడుతున్నారా? అదేం లేదు. రెండు సెట్లలో ఒకటి ఇసుమంత పెద్దగా మోగితే చాలు, మనసు అది పెద్దగా ఉందనుకోదు... బాగుందనుకుంటుంది. పైగా నీలి వెలుగు, 30 కిలోల బరువు, ఏళ్ల తరబడి దాచిన డబ్బు. ఇవన్నీ కలిసి పాట వింటాయి, చెవి ఒక్కటే వినదు. వెండి కంచంలో అన్నం రుచిగా ఉందనేవాళ్లూ అబద్ధం చెప్పరు కదా!

ఊరూరా పరీక్ష

ఈ సంగతి మెకింటాష్ వాళ్లకూ బాగా తెలుసు. అందుకే 1962లో ఓ వింత పని మొదలుపెట్టారు. పరీక్ష యంత్రాలు బండిలో వేసుకుని అమెరికా అంతా తిరుగుతూ, దుకాణాల్లో బల్ల వేసుకుని కూర్చునేవారు. ఎవరైనా తమ యాంప్లిఫయర్ తెచ్చుకోవచ్చు. ఏ కంపెనీదైనా ఫర్వాలేదు. పైసా తీసుకోకుండా వాట్లెన్నో, కల్తీ ఎంతో కొలిచి, కాగితం మీద గీతగీసి చేతికిచ్చేవారు. జనం బరువైన పెట్టెలు చంకనేసుకుని వరస కట్టేవారు. తమ సెట్టు అద్భుతమని నమ్మి వచ్చినవారు ఆ గీత చూసి గతుక్కుమనేవారు. ప్రకటనలో రాసిన వాట్లకూ బల్ల మీద తేలిన వాట్లకూ పొంతన ఉండని రోజులవి. దాదాపు ముప్ఫై ఏళ్లు, 1991 దాకా ఈ శిబిరాలు నడిచాయి. అమ్మకాల ఎత్తుగడ కూడా అందులో ఉంది, కాదనలేం. కానీ కొన్నవాళ్లకు దక్కిందేమిటి? చెవి చెప్పింది నిజమో కాదో చూసుకునే కొలబద్ద.

పాత మెకింటాష్ సొంతదారులు తీరిగ్గా చెప్పే మాటల్లో చివరికి మిగిలేదీ ఇదే. కమ్మదనం గురించి ఒకరు చెప్పిందానికీ ఇంకొకరు చెప్పిందానికీ పొంతన ఉండకపోవచ్చు. మన్నిక దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట. తండ్రి కొన్నది కొడుకు వింటున్న ఇళ్లున్నాయి. వాల్వు పోతే వాల్వు, కెపాసిటర్ పోతే కెపాసిటర్ మార్చి మళ్లీ నడుపుకుంటారు. 1973లో ఆపేసిన ఎంసీ275ను జనం వదల్లేదు. గోర్డన్ గౌ జ్ఞాపకార్థం కంపెనీ 1993లో మళ్లీ తెచ్చింది. చేతులు చాలాసార్లు మారిన ఈ కంపెనీని 2024లో బోస్ సంస్థ కొనుక్కుంది. ఇంత జరిగినా ఆ పాత పెట్టెలు ఇంకా మోగుతూనే ఉన్నాయి.

కొనే ముందు...

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు తిరిగొచ్చేటప్పుడు ఇలాంటి సెట్టు వెంట తెచ్చుకోవాలని ముచ్చటపడతారు. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. వెనక అంటించిన కాగితం చదవకుండా ప్లగ్గు పెట్టారో, పాట మొదలయ్యేలోపే పొగ వస్తుంది. సరిపడా ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. వాల్వు సెట్టయితే మరో సంగతీ ఉంది. పాట మోగకపోయినా అది వంద వాట్లకు పైగా వేడి చిమ్ముతూనే ఉంటుంది. విజయవాడ మే నెలకు ఇంకో పొయ్యి తోడైనట్టే!

అంత ఖర్చు వద్దనుకునేవారికి ఆ శిబిరాల పాఠం చాలు. డబ్బు ముందు స్పీకర్ మీద పెట్టండి, తేడా ఎక్కువగా తెలిసేది అక్కడే. ఉత్త గోడల గదిలో ఓ మందపాటి తివాచీ, పరదా పడినా పాట తీరు మారుతుంది. ఆ తర్వాతే యాంప్లిఫయర్. దుకాణంలో రెండు సెట్లు వినేటప్పుడు శబ్దం సరిసమానంగా పెట్టమనండి. ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్లి, వెనక్కి తిరిగి కూర్చుని వినండి. ఏది మోగుతోందో మీ అబ్బాయిని మాత్రమే చూడమనండి. పదిసార్లలో తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పగలిగితే ఆ డబ్బు మీ చెవి కోసమే. చెప్పలేకపోతే... నీలి వెలుగు నచ్చి కొనుక్కున్నామని చెప్పుకోవడంలో తప్పేమీ లేదు. ఇంటావిడ ముందు నీళ్లు నమిలే పని ఉండదు!